జత లేని చుక్క

అరుణ తుడిచేసింది. తల్లి పెట్టిన రెండు వందల పదహారు చుక్కలనూ నాలుగు నిమిషాల్లో తుడిచేసింది.

తండ్రి ఓబుళప్ప మగ్గం దిగాడు. మళ్లీ ఎక్కాడు. మళ్లీ దిగాడు.

ధర్మవరంలో ఆయన నేసే చీరలకు డిజైన్లు గీసింది భార్య వరలక్ష్మి. కంప్యూటర్లో ఆమె గీసిందే మగ్గం మీద నెమలో, మామిడిపిందో అయ్యేది.

ఆమె పోయి పద్నాలుగు నెలలు. డిజైన్లు మిగిలాయి.

కూతురు అరుణ హిందూపురం కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. పనికొచ్చే చిన్న ప్రోగ్రాములు ఒక ఫోల్డరు నిండా దాచుకుంది. ఫొటోల పేర్లు మార్చేది ఒకటి, మార్కుల లిస్టులు కలిపేది ఒకటి.

ఆదివారం వచ్చి, పదకొండు లైన్లది ఒకటి తల్లి డిజైన్ల మీద నడిపింది.

"ప్రతిదాంట్లో జత లేని చుక్క ఒకటి ఉండాది నాయనా. అమ్మ చేయి జారినట్లుండాది. అన్నీ తీసేసినా. ఎంత నీట్‌గా ఉండాయో చూడు."

"పాతవి యాడుండాయి?"

"వాటి మీదే సేవ్ చేసినా."

వరలక్ష్మి చేయి ఎన్నడూ జారలేదు.

"తప్పు పడినాదని షావుకారు తిట్టేది నన్ను, నిన్ను కాదు," అని చుక్క నేసినప్పుడల్లా ఆయన భార్య మీద గొణిగేవాడు.

"దిష్టి చుక్కబ్బా. చీరకు బుగ్గ ల్యాకపాయ. యాడో ఒకచోట పెట్టాల్ల కదా," అని ఆమె నవ్వేది.

"అవి దిష్టి చుక్కలు," అన్నాడు ఓబుళప్ప.

అరుణ చేయి కీబోర్డు మీదే ఆగిపోయింది.

"నాకెవురు చెప్పినారు నాయనా?"

ఆయన వంగి స్క్రీన్‌లోకి చూశాడు.

"మళ్లీ పెట్టేదానికి ఇంకో ప్రోగ్రాం రాస్తా. ఐదు నిముసాల పని. యాడ పడితే ఆడ పెట్టుకుంటా పోతాది."

"మీయమ్మ యాడ పడితే ఆడ పెట్టలే."

"అయితే యాడ పెట్టిందో చెప్పు."

ఓబుళప్ప వాకిట్లోకి పోయాడు. వచ్చాడు. మగ్గం చుట్టూ తిరిగాడు. అన్నీ ఆయన చేత్తో నేసి షావుకారుకు ఇచ్చేసినవే. అన్నిటికీ గొణిగాడు.

గుర్తొచ్చింది ఒక్కటే. కొంగు మీద, ఎడమ మూల.

మగ్గం ఎక్కాడు. ఆ రోజు నేస్తున్నది కొంగే. ఎడమ మూల ఒక్క పోగును వేలితో ఎత్తి, దాని కిందుగా దారం నాడె తోశాడు.

చుక్క పడింది.

"నాయనా, మిగతావి..."

"ఈ మాట ఈ ఇంట్లో మళ్లీ ఇనపడకూడదు."

ఆ తరువాత ఏ చీర నేసినా చుక్క కొంగు ఎడమ మూలే. ఎందుకని అడిగితే ఓబుళప్ప ఇప్పటికీ నోరు విప్పడు.