మధ్యాహ్నపు కునుకు

"నేను గీసిందేంది, నువ్వు దింపిందేంది?" వెంకటయ్య సార్ కాగితం లాక్కున్నాడు.

గోపమ్మ కుంచె పట్టుకుని లేచి నిలబడింది. మహబూబ్‌నగర్ ట్రైనింగ్ స్కూల్లో గొర్రెల కాపరుల ఇంటినుంచి వచ్చింది ఆమె ఒక్కతే. సార్ గీసిన బొమ్మను అచ్చుగుద్దినట్టు దింపితేనే ఆయన డ్రాయింగ్ పరీక్ష ఫారం మీద సంతకం పెడతాడు. లేకపోతే ఏడాది చదువు గంగలో కలిసినట్టే.

ఆ బొమ్మ గోడమీద వేలాడుతోంది. పేరు 'మధ్యాహ్నపు కునుకు'. కొత్తకోట అవతల రాళ్లగుట్ట, నిప్పులు చెరిగే ఎండ. మంద నడుమ నిండా గొంగడి కప్పుకుని పడుకున్న కాపరి, పక్కనే అతని భార్య. సార్ ఐదేళ్ల కిందట, 1957లో, వాళ్లకెదురుగా కూర్చుని గీశాడు. దాన్ని మెచ్చుకోకుండా ఆయన గదిలోంచి బయటపడ్డవాళ్లు లేరు.

గోపమ్మ గుట్టనూ గొర్రెలనూ చక్కగానే దింపింది. ఆ ఆడమనిషి దగ్గరే తేడా వచ్చింది.

"మొగడు హాయిగ కునుకు తీస్తుంటే పెండ్లాం మొగంల గంత ఏడుపెందుకు? దిద్దు!"

"దిద్దలేను సార్."

"పరీక్ష వద్దా?"

"కావాలె సార్. గని గాయన పండుకోలే. ఎండపూట మావోళ్లు గొంగడి కింద పరుసుకుంటరు, మీద కప్పుకోరు. మొగం గూడ కప్పిండ్రంటే పానం పోయినట్టే సార్."

సార్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గోడవైపు తిరిగి చాలాసేపు చూశాడు. ఊరందరికీ గొప్పగా చూపించుకున్న బొమ్మ. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది. ఫారం మీద సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"గామె మీతోని ఏమనలేదా సార్?" గోపమ్మ మెల్లగా అడిగింది.

"నన్ను చూసి చెయ్యెత్తింది బిడ్డా. బొమ్మ చెడుతదని, కదలకమ్మా, జర గట్లనే కూసో అన్న. రెండు గంటలు కదలకుంట కూసున్నది."

సార్ కుర్చీలో కూలబడ్డాడు.

"వచ్చేటప్పుడు... మంచిగ పండుకున్నడు, లేపకమ్మా అని కూడ చెప్పొచ్చిన."