గంజి ఉడికేలోగా

కుళాయి నీళ్ళలో సముద్రపు నాచు రసం కలపడం మొదలయ్యాక ఊళ్ళో ఎవరి ఒంటిమీదా గాయం నిలవడం లేదు. ఆ రసం రక్తంలోని కాపలా కణాలను మచ్చిక చేసుకుంది. అవి కత్తిగాట్లను, కాలిన బొబ్బలను ఇట్టే మాన్పేసి, పనిలో పనిగా పాత మచ్చలనూ తుడిచిపెట్టాయి. ముసలమ్మల పచ్చబొట్లూ వాటితోపాటే పోయాయి.

మంచం పట్టిన అసిరమ్మకు అదే దిగులు. "సచ్చినప్పుడు ఎంటొచ్చేది పచ్చబొట్టొకటేనమ్మీ. ఒట్టి సేత్తో నన్నంపకే," అని కూతురు పైడితల్లిని పట్టుకుని ఏడ్చేది.

పైడితల్లి సూదికి పసరు అద్ది తల్లి ముంజేతిమీద చుక్క పొడిచేది. పొయ్యిమీద గంజి ఉడికేలోగా అది మాయమయ్యేది. ప్రాణం ఏ ఘడియలో పోతుందో తెలియదు గనుక మళ్ళీ పొడిచేది. కుళాయి నీళ్ళు మాన్పించినా ఒంట్లో చేరిన రసం వదల్లేదు.

ఆ పొద్దున అసిరమ్మకు ఎగశ్వాస మొదలైంది.

"ఉందా?" అంది.

"నేదమ్మా, సెరిగిపోనాది. నొప్పెడతందా?"

"పొడువమ్మీ, పొడువు."

పైడితల్లి కన్నీళ్ళు తుడుచుకుంటూ పొడిచింది. అదీ చెరిగింది. మళ్ళీ పొడిచి, సూది పట్టుకుని ఆ చుక్కనే చూస్తూ కూర్చుంది. గంజి పొంగింది. అడుగంటి మాడు వాసన వేసింది. చుక్క అలాగే ఉంది.

"ఉందమ్మా! సెరగనేదు, సూడే!" అని సంబరంగా అరిచింది పైడితల్లి.

అప్పుడు గానీ తల్లి ముఖంలోకి చూడలేదు.