స్లావా రోజు వచ్చినాయన

ఇంటి ఇలవేల్పు పండుగ, స్లావా, జరుగుతుండగా తలుపు చప్పుడైంది. చేపల పళ్ళెం చేత్తో పట్టుకునే వెళ్ళి తీసింది స్టానోయ్‌కా.

గుమ్మంలో బక్కపల్చటి మనిషి. కోటు నిండా మంచు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీ స్లావా చల్లగా జరగాలమ్మా," అన్నాడు.

టీవీలోనూ, ఎదురుగానూ విన్న గొంతే. ఆమె తలుపు సగం మూసింది. భయంతో కాదు, కోపంతో.

ఆయన తిహొమిర్ జారిచ్. మూడు రోజుల కిందటి దాకా ఉప ప్రధాని. ఒకప్పుడు రాజధాని బెల్‌గ్రేడ్‌లో తత్వశాస్త్రం ప్రొఫెసరు. దేశాన్నేలే పెద్దల మాటకి తలూపనందుకు ఉద్యోగం ఊడగొడితే తొమ్మిదేళ్ళు అనువాదాలు చేసుకుని బతికాడు. 'కాదనడం' మీద లావుపాటి పుస్తకం రాశాడు. రోజులు మారాక పార్టీ పెట్టి, గెలిచి, ఆ పెద్దల పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది.

నెల కిందట స్టానోయ్‌కా ఆయన కాళ్ళ మీద పడింది. ఆమె కొడుకు మిలోయే, ఇంకో ముప్పై మంది కుర్రాళ్ళు యుద్ధం మధ్యలో తుపాకులు కింద పెట్టేశారు. మా ఊరి లాంటి ఊళ్ళ మీద కాల్చలేమన్నారు. అందర్నీ మిలిటరీ జైల్లో పడేశారు. నిలబెట్టి కాల్చేస్తారని వాళ్ళ ఊరు వాల్యెవో అంతా గుసగుసలు.

"నా బిడ్డని విడిపించండి ప్రొఫెసరు గారూ. నికోలస్ పండుగ మా ఇంటి స్లావా. ఆ రోజు ఇంటి మగాడు నిలబడి వడ్డించాలి. నాకున్నది వాడొక్కడే."

"మాటివ్వలేనమ్మా."

"ఒక్క మాట! అబద్ధమైనా ఫరవాలేదు, రాత్రికి నిద్రన్నా పడుతుంది!"

"అబద్ధం చెప్పడం నాకు చేతకాదు."

ఆమె ఆయన బల్ల మీద ఉమ్మేసి వచ్చింది.

సరిగ్గా మూడు రోజుల కిందట కుర్రాళ్ళని వదిలేశారు. అదే సాయంత్రం జారిచ్ రాజీనామా చేశాడు. కారణం అడిగితే పెదవి విప్పలేదు. భయపడి పారిపోయాడన్నారు జనం. ఆ ఊరి ఎంపీ బోగోసావ్ మాత్రం టీవీలో గుండె తట్టుకుని, "నా పిల్లల్ని నేనే తెచ్చుకున్నా," అన్నాడు. ఇప్పుడా బోగోసావే లోపల బల్ల దగ్గర పెద్ద పీట మీద ఉన్నాడు.

"ఎవరక్కా? చలి లోపలికొచ్చేస్తోంది!" అని కేకేశాడు.

స్టానోయ్‌కా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏం చూసిపోదామని వచ్చారు?"

"మీ అబ్బాయి ఇల్లు చేరాడో లేదోనని."

"చేరాడు. మీ చలవ వల్ల కాదు. చలవ చేసినాయన లోపల చేప తింటున్నాడు."

ఆయన చేతిలో టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"మాట్లాడరేం? కుర్చీతో పాటు నాలుక కూడా వదిలేశారా?"

"అవునమ్మా. వదిలేశాను."

ఆమె భుజం మీదుగా ఆయన లోపలికి చూశాడు. మిలోయే నిలబడి గ్లాసుల్లో బ్రాందీ పోస్తున్నాడు. గుండు కొట్టిన తల, చిక్కిపోయిన చేతులు. ఆయన చూపు వాడి మీద నుంచి కదల్లేదు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"చూసింది చాలు, వెళ్ళండి."

తలుపు మొహమ్మీదే వేసేసింది.

పక్కింటి పెర్కా బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో వదినా! స్లావాకి ఎవర్నీ పిలవం, వచ్చినవాణ్ణి పొమ్మనం. పగవాడైనా చెంచాడు తీపి గోధుమల ప్రసాదం నోట్లో పెట్టాలే! మీ అత్తగారు బతికుంటే ఏమనేది?"

"మా అత్త కొడుకు జైలుకి పోలేదులే."

"ఎవరమ్మా వచ్చింది?" మిలోయే అడిగాడు.

"ఎవరూ కాదు. దారి తప్పి వచ్చారు."

"నాకు తెలిసిపోయింది!" బోగోసావ్ పగలబడి నవ్వాడు. "కాదనడం మీద ఐదు వందల పేజీలు రాసినాయన, కుర్చీ ఇస్తే మాత్రం కాదనలేకపోయాడు!"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. స్టానోయ్‌కా కూడా నవ్వింది. ఇంకో చేప ముక్క, పెద్దది చూసి మరీ, బోగోసావ్ పళ్ళెంలో వేసింది.

ఫిబ్రవరిలో పేపర్లో ఓ మూల చిన్న వార్త వచ్చింది. జారిచ్ అద్దె గదిలో గుండె ఆగి చనిపోయాడు. రెండు రోజుల దాకా ఎవరూ చూసుకోలేదు. పోయినవాడు ఎంత చెడ్డవాడైనా 'దేవుడు వాణ్ణి మన్నించాలి' అనడం అక్కడి మర్యాద. స్టానోయ్‌కా ఆ మాట కూడా అనలేదు. పీడా పోయిందంది.

వసంతం వచ్చాక మిలోయేకి ఫ్యాక్టరీలో పని దొరికింది. విడుదల కాగితం కావాలన్నారు. వాడు మళ్ళీ మిలిటరీ వాళ్ళ గేటు దాటనంటే, తల్లే మిలిటరీ ఆఫీసుకి వెళ్ళింది.

ముసలి గుమాస్తా ఫైలు విప్పాడు. "ఇక్కడో సంతకం పెట్టమ్మా."

"బోగోసావ్ గారి సిఫార్సు ఉత్తరం ఇందులోనే ఉంటుందా బాబూ? ఒక నకలు ఇప్పించు, ఫ్రేము కట్టించుకుంటా."

గుమాస్తా తలెత్తి చూశాడు. "బోగోసావ్ ఉత్తరం ఉంది. మీవాళ్ళని కఠినంగా శిక్షించమని."

ఆమె బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది.

"మరి... వదిలిందెవరు?"

"వదిలించిన కాగితం ఇదిగో, కిందుంది. చదువుకో."

"కళ్ళజోడు తెచ్చుకోలేదు. నువ్వే చదువు నాయనా."

గుమాస్తా గొంతు సవరించుకుని చదివాడు: "ప్రధాని గారికి. ఈ ముప్పై ఒక్క మందినీ నికోలస్ పండుగ లోపు ఇళ్ళకి పంపితే, మంత్రివర్గంలో యుద్ధం వద్దంటున్న నా ఒక్క ఓటూ మీకు అడ్డు లేకుండా ఈ రోజే పదవి వదిలేస్తాను, ఎందుకు వదిలానో బతికున్నంత కాలం ఎవరికీ చెప్పను, ఆ తల్లులకి కూడా. ఇట్లు, తిహొమిర్ జారిచ్."