ఏడుకు ఆరు తీర్లు

పాచిక దొర్లుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

"ఐదు పడ్డది సారూ!" లోపల్నుంచి కేక.

వంటింటి గోడకి సిమెంటు పూయడానికి కంపెనీ పంపిన మనిషి. పేరు లచ్చన్నట.

"అంకెల సంగతి నీకెందుకయ్యా? గోడ సంగతి చూడు" అంటూ శేషుకుమారి పాచిక తెచ్చి కొడుక్కిచ్చింది.

ముందుగదిలో చాప మీద రామ్మోహన్ తల పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ అట్టముక్కలు.

ఒమన్ దేశంలో, నిజ్వా క్యాంపులో అతను డ్రాఫ్ట్స్‌మన్. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, అమెరికావాడు. బేస్‌బాల్ అంటే ప్రాణం.

ఆ ఆటని కాగితాల మీద ఆడే పెట్టె ఒకటి ముదీర్ దగ్గరుంది. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. రెండు పాచికలు వేసి, పడ్డ మొత్తాన్ని కార్డులో చూసుకోవాలి. బంతి కొట్టాడా, అవుటయ్యాడా అక్కడ రాసుంటుంది. ఎవరిని ఎప్పుడు దింపాలన్నది జట్టు నడిపేవాడి తెలివి.

"మన క్యాంపు వాళ్ళ పేర్లతో రెండు జట్లు తయారుచెయ్యి. శుక్రవారం అందరి ముందూ ఆడదాం" అన్నాడు ముదీర్.

రామ్మోహన్ చేశాడు. ఆడి చూస్తే నలభై ఒకటికి ముప్ఫై ఎనిమిది వచ్చింది.

"అంటే ఎక్కువట్రా?"

"నాలుగో అయిదో రావాలమ్మా. కొందరికి వేసిందల్లా హోమ్ రనే. మన సిక్సర్ లాంటిదిలే. కొందరికి ఒక్కటీ లేదు."

శేషుకుమారి అందుకుంది.

"ముదీర్‌కి కోపం వస్తేనో? ఉద్యోగం తీసేస్తేనో? వీసా చింపేసి ఓడెక్కిస్తేనో? ఆ ఓడ మునిగితేనో?"

"మనం విమానంలో వచ్చాం కదమ్మా."

"అది మాత్రం పడదేవిట్రా!"

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తాపీ పట్టుకుని లచ్చన్న.

"సారూ, ఒక కార్డు చదువుండ్రి. నా చేతులకు సిమెంటున్నది, ముట్ట."

రామ్మోహన్‌కి వేరే దారి లేదు. చదివాడు.

"రెండుకి అవుట్. మూడుకి అవుట్... ఏడుకి హోమ్ రన్..."

"ఆగుండ్రి. గా ఏడుకు ఎవలు రాసిండ్రు?"

"నేనే. రెండు నుంచి పన్నెండు దాకా ఏ అంకైనా ఒకటే కదా!"

"ఒకటెట్లయితది సారూ? రెండు పడాల్నంటే ఒక్కటే తీరు, ఒకటీ ఒకటి. ఏడుకు ఆరు తీర్లు. ఒకటి ఆరు, ఆరు ఒకటి, రెండు ఐదు, ఐదు రెండు, మూడు నాలుగు, నాలుగు మూడు."

రామ్మోహన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"ఏడు మస్తుసార్లు పడ్తది. దానికి అవుటు రాయుండ్రి. గట్టిగ ఆడెటోనికి మూడుకు ఇయ్యుండ్రి హోమ్ రన్. గది రెండు తీర్లు పడ్తది, సరిపోతది."

"మరి ఆట రానివాడికో?"

"పన్నెండుకు ఇయ్యుండ్రి. ఎన్నడన్న ఒక్కపాలి ఆనికి గూడ పడాలె గద, పాపం!"

అలా పద్దెనిమిది కార్డులు. ఒక్కొక్కటీ రామ్మోహన్ చదవడం, కళ్ళు మూసుకుని లచ్చన్న చెప్పడం.

"నా సిమెంటు గట్టిపడిపోతోందయ్యా!" మధ్యలో శేషుకుమారి గోల.

మళ్ళీ ఆడి చూశారు. అయిదుకి నాలుగు.

"ఇదెక్కడ నేర్చుకున్నావయ్యా?" అడిగింది శేషుకుమారి.

"గిట్లనే తల్లీ, ఆడంగ ఆడంగ" అని నవ్వి, గోడ పూర్తిచేసి వెళ్ళిపోయాడు.

టీ ఇవ్వలేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చిందామెకి.

శుక్రవారం క్లబ్బు హాలు కిక్కిరిసింది. ఆఫీసు జట్టొకటి, వర్క్‌షాపు జట్టొకటి. కరెంటు పోతుందేమోనని శేషుకుమారి ముందే కొవ్వొత్తులు తెచ్చుకుంది, పగలే అయినా.

చివరిదాకా ఆరుకి ఆరు. వంటవాడు ఎహసాన్ పేరున్న కార్డు, అన్నిటికంటే బలహీనమైంది, ఆఖర్న దిగింది.

పన్నెండు పడింది!

హాలు దద్దరిల్లింది. ఎహసాన్ నిజంగా తనే కొట్టినట్టు గంతులేశాడు.

ముదీర్ లేచి రామ్మోహన్ భుజం తట్టాడు. "ఇంత సమంగా జట్లు కుదర్చడం అమెరికాలోనూ చూడలేదు. వచ్చే నెల నుంచి నువ్వు మస్కట్ పెద్దాఫీసులో ఉండాలి."

శేషుకుమారికి కుర్చీ చాల్లేదు.

"సరిచేసింది నేను కాదు సార్" అన్నాడు రామ్మోహన్.

ఆమె వాడి చొక్కా లాగింది. "నోర్ముయ్యరా! వచ్చిన ఉద్యోగం పోతుంది."

అయినా వాడు మొత్తం చెప్పాడు. ముదీర్ ఆశ్చర్యంగా విన్నాడు.

"అలాంటి బుర్ర గోడలకి సిమెంటు పూస్తోందా? పిలుచుకురా. నీ పక్కనే అతనికీ ఒక కుర్చీ వేయిస్తాను."

ఆమె భయం పోయింది. నిజం చెప్పిన కొడుకుని చూసుకుని మెడ ఇంకో జానెడు నిక్కించింది. పక్కనున్న ఇంజనీరుగారి భార్య సీతాదేవి వైపు తిరిగింది.

"ఏ కాలేజీలోనో లెక్కల మాస్టరు అయ్యుంటాడండీ. కష్టకాలం వచ్చి ఇలా వచ్చాడు పాపం. మావాడి లెక్క దిద్దాలంటే ఆమాత్రం చదువుండొద్దూ!"

ఆ గర్వంతోనే కొడుకు వెంట తనూ టైమ్‌కీపర్ ఖమరుద్దీన్ దగ్గరికి వెళ్ళింది.

"లచ్చన్నా? పొద్దుగాలనే బస్సెక్కిండు సాబ్" అన్నాడు ఖమరుద్దీన్. "రెండేండ్ల కాంట్రాక్టు అయిపాయె. ఇంకో గంటల విమానం లేస్తది. మళ్ళ రానన్నడు."

"అడ్రసు రాసిచ్చాడా?" రామ్మోహన్ అడిగాడు.

"ఎట్ల రాస్తడు సాబ్?"

"అదేవిటయ్యా, ఎంతవరకు చదివాడేం?" అంది శేషుకుమారి.

ఖమరుద్దీన్ హాజరు పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు.

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, లచ్చన్న పేరు పక్కన ఉన్నవన్నీ వేలిముద్రలే.