గడప మీద కవరు

జుమాగుల్ తలుపు తీసేసరికి ఎవరో పెద్దాయన టోపీ మీద మంచుతో నిలబడి ఉన్నాడు.

"నా పేరు తొకోన్. బెగాయిమ్ వాళ్ల ఇల్లు ఇదేనా అమ్మా?"

ముక్కూ మొహం తెలియని మనిషి నోట పదమూడేళ్ల కూతురి పేరు వినగానే ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

"మా పిల్లతో మీకేం పని?"

"అక్మరల్ అనే అమ్మాయి ఫోనులో తనతో మాట్లాడుతోంది కదూ? ఆ అమ్మాయి ఖాతాలో స్నేహితుల పేర్లు చూశాను. మీ పిల్ల పేరూ ఉంది."

"ఆడపిల్లల ఫోన్లలోకి తొంగిచూస్తున్నారా, ఈ వయసులో?"

ఆయన తల దించుకున్నాడు.

"మీ పిల్లను రాజధానికి, బిష్కెక్ రమ్మందా?"

లోపల బెగాయిమ్ సంచి సర్దుకుంటోంది. రెండింటికి టాక్సీ. దిగేచోటికి అక్మరల్ వచ్చి పాటల పోటీకి తీసుకెళ్తానంది. ఇది ఈయనకెలా తెలిసింది?

"అక్మరల్ మా రక్తసంబంధం. మా ఏడు తరాల తాతల పేర్లూ తడుముకోకుండా రాసింది. బయటివాళ్లకు తెలుస్తాయా అవి?"

తొకోన్ ఆ ఏడు పేర్లూ వరసగా చెప్పాడు.

"మీవాళ్లే అందరూ చూసేలా ఫోనులో పెట్టారమ్మా."

జుమాగుల్ గడియ మీద చెయ్యి వేసింది. ఇంత కూపీ లాగినవాడు మంచివాడెలా అవుతాడు?

"మా ఆయన పని కోసం రష్యాలో, కజాన్‌లో ఉన్నాడని కూడా తెలిసే వచ్చినట్టున్నారు. పక్కింటివాళ్లను పిలవమంటారా?"

"వెళ్తానమ్మా. ఒక్కసారి ఆ అమ్మాయిని మొహం చూపించి మాట్లాడమనండి. వీలుంటే ఇది చూడండి."

కవరు ఒకటి గడప మీద పెట్టాడు.

ఆమె దాన్ని మూలకు విసిరి తలుపేసుకుంది. ఇంటికొచ్చిన మనిషి రొట్టె ముక్కయినా తుంచకుండా వెనక్కి వెళ్లడం ఆ ఇంట్లో అదే మొదలు.

కానీ మనసు కుదుటపడలేదు.

"మీ అక్మరల్ అక్కను ఒకసారి వీడియోలోకి రమ్మను," అంది కూతురితో.

"ఆ ముసలాయన మాట పట్టుకునా? అక్క నవ్వుతుందమ్మా."

"నవ్వనీ. ఆ నవ్వే చూద్దాం."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. తెర మీద అక్మరల్ బొమ్మ మాత్రం నవ్వుతూనే ఉంది. రెండు జడలు, గడ్డం పక్కన పుట్టుమచ్చ.

'కెమెరా పాడైంది. నువ్వు టాక్సీ ఎక్కు' అని సందేశం వచ్చింది.

"పోనీ గొంతు వినిపించమను."

బెగాయిమ్ మళ్లీ నొక్కేసరికి ఆ ఖాతాయే లేదు.

"అమ్మా, నీకో సంగతి చెప్పలేదు," పిల్ల గొంతు సన్నబడింది. "టాక్సీ దిగగానే ఫోను ఆపేయమంది."

జుమాగుల్ రొట్టెను తువ్వాలులో చుట్టుకుని టాక్సీల దగ్గరికి పరుగెత్తింది.

"టోపీ పెద్దాయనా? ఇప్పుడే నారిన్ ఊరి బండెక్కాడు," అన్నాడు డ్రైవరు. "అక్కడింకో పిల్ల ఉందట, చెప్పిరావాలట. టీ తాగమంటే వద్దన్నాడు. మీ ఇంట్లో తిన్నాడేమో అనుకున్నా."

ఆమె రొట్టెతోనే ఇంటికి తిరిగొచ్చి, మూలనున్న కవరు చించింది.

లోపల ఒకే ఒక్క ఫోటో. అవే రెండు జడలు, అదే పుట్టుమచ్చ, అదే నవ్వు. కాకపోతే ఆ మొహం సమాధి మీది నల్లరాతిపై చెక్కి ఉంది, కింద పేరు: మేరిమ్, తొకోన్ కూతురు.