సున్నా చీటీ

“తాగి బండి తోలరాదు” అని రాసిన అట్ట పట్టుకుని నిన్న పొద్దంతా మైదుకూరు సర్కిల్లో నిలబడ్డాడు రామాంజి. కోర్టు వేసిన శిక్ష అది. ఊరంతా చూసింది.

ఈరోజు ఆ సర్కిల్లోనే పోలీసు మళ్లీ ఆపాడు.

“ఊదప్పా.”

ఊదాడు. సున్నా వచ్చింది. పోలీసు మిషన్ని తట్టి ఇంకోసారి ఊదించాడు. మళ్లీ సున్నానే.

“సార్, ఆ చీటీ ఇయ్యండి. మా ఆడమనిషికి చూపించల్ల.”

ఇంట్లో చౌడేశ్వరి చీటీని తిప్పి తిప్పి చూసింది.

“ఎవురితో ఊదించినావు?”

“నేనే ఊదినా మే.”

“ఏదీ, నా ముందర ఊదు.”

ఊదాడు. ఆమె వాసన చూసింది. ఏమీ లేదు. మళ్లీ చూసింది.

గడప మీద కూలబడింది.

“మీ నాయన పోయిన దినం తప్ప నువ్వు తాగకుండా ఇల్లు చేరింది లేదు. దాచొద్దు, చెప్పు. మనోళ్లలో ఎవురు పోయినారు?”