దోనె ముందు మనిషి

"పంకా తిరుగుతుంది గని, దోనె కదుల్తలేదు దొరా," అన్నాడు డ్రైవర్ సాంసన్, మోకాలి లోతు నీళ్లలో నిలబడి.

నర్సింగరావు దొర దోనెలో కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. ఇంకో గంటలో సంఘం వాళ్లు గడీ మీదికి వస్తారు. ముందు రోడ్డంతా వాళ్ల కాపలాయే. కారు పోదు. వెనుక చెరువు, చెరువు అవతల పోలీసు డేరాలు. అక్కడికి చేరితే ప్రాణం దక్కినట్టే. కానీ పెద్ద దోనె తెచ్చి నడపమంటే ఊళ్లో ఒక్కడూ రాలేదు. వెట్టి బంద్ చేసి నెల దాటింది. సాంసన్ దోనె ఒక్కరికే సరిపోతుంది; అతను కూడా ఎక్కితే మునుగుతుంది. దొరకు తెడ్డు పట్టడం రాదు.

అందుకే సాంసన్ తాను చేపల కోసం తొలుచుకున్న తాటిదోనెకు కారు బ్యాటరీ ఎక్కించాడు. గడీలోని బ్యాటరీ పంకాకు పొడుగాటి కడ్డీ తగిలించి, దాని చివర రేకు రెక్కలు బిగించి నీళ్లలోకి దించాడు. దోనెను తిప్పడానికి వెనక చుక్కాని కర్ర కట్టాడు. ఇప్పుడు రెక్కలు కాస్త వంచి మళ్లీ తీగ కలిపాడు. దోనె ఎనుము ఈదినంత జోరుగా కదిలింది.

"ఆపు," అన్నాడు దొర. "ముందు మనిషేడి?"

సాంసన్ దోనె ముందున్న నీళ్ల వంక చూశాడు. దొరకు ఒళ్లు మండింది. బండి కదిలినా, కారు కదిలినా ముందొకడు కేకలేసి జనాన్ని పక్కకు తప్పిస్తూ ఉరకాలి. తాతల నాటి రివాజు.

"నీళ్ల మీద ఎట్ల ఉరుకుతరు దొరా?"

"ఈదుతరు. ఒంటిగ పోతే పోలీసోళ్లు నన్ను చేపలు పట్టేటోడనుకోరా?"

అటుపక్క రాములు ఒక్కడే ఎనుముల్ని కడుగుతున్నాడు. పన్నెండేళ్లు దొర కారు ముందు ఉరికి, నెల కిందట మానేసినవాడు. దొర బుద్ధెరిగాక మొదటిసారి ఒకణ్ని బతిమాలాడు. ఈ ఒక్కసారి అన్నాడు. నాయినా అని కూడా అన్నాడు. రాములు ఎనుము వీపు తోముతూ చెరువు అవతలి తుంగ దిక్కు చూశాడు.

"వస్త గని, నా ఎనుకనే రావాలె దొరా. జర పక్కకు పోయినా పంకా తామర తీగలల్ల సిక్కుకుంటది."

రాములు ఈదాడు. అతని తల మీదే చూపు నిలిపి దొర చుక్కాని కర్ర తిప్పాడు. దారిలోని నీటికోళ్లు బెదిరి లేచిపోతుంటే, నెల రోజులుగా వాలిపోయిన మీసం మళ్లీ లేచింది. పొడుగాటి తుంగ అడ్డమొచ్చి డేరాలు కనిపించకుండా పోయినా పట్టించుకోలేదు. తీగల్ని తప్పిస్తున్నాడనుకున్నాడు.

తుంగ దాటగానే దోనె బురదలో దిగబడి ఆగింది. దొర తలెత్తాడు. గట్టు మీద డేరాలు లేవు. ఎర్రజెండా ఉంది. దాని కింద గుత్ప కర్రలు పట్టుకుని, గడీకి బయలుదేరబోతున్న మూడు వందల మంది ఉన్నారు.

రాములు ఒడ్డెక్కి, గోచి పిండుకుని, పాత అలవాటు కొద్దీ గొంతెత్తి కేక వేశాడు.

"దొరొచ్చిండు. ఎవ్వరు పక్కకు జరగకుండ్రి."